పైకప్పు పదికాలాలు నిలవాలంటే

ఢిల్లీలో స్లాబు కారడం వానల్లో బయటపడినా, దానికి బీజం పడేది ఎండల్లోనే. 45 డిగ్రీల ఎండకు వ్యాకోచించి, రాత్రికి సంకోచించే కాంక్రీటులో సన్నని పగుళ్లు ఏర్పడతాయి. వాటిగుండా నీరు దిగితే లోపలి ఇనుప కడ్డీలు తుప్పుపడతాయి. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక కాంక్రీటు పెచ్చులూడుతుంది.

ఇక్కడికి రుతుపవనాలు సాధారణంగా జూన్ 27 ప్రాంతంలో వస్తాయి. ఆలోగా:

1. నీరుపోయే గొట్టాల మూతుల్లో ఆకులు, దుమ్ము తీయించాలి.
2. నీళ్లు పోసి, నిలిచినచోట వాలు సరిచేయించాలి.
3. పగుళ్లు పూడ్చి వాటర్‌ప్రూఫింగ్ పూత వేయించాలి.

ఇక్కడి 'బిల్డర్ ఫ్లోర్' ఇళ్లలో టెర్రస్ హక్కు తరచు పై అంతస్తువారికే ఉంటుంది. మరమ్మతు భారం ఎవరిదో దస్తావేజులో లేకపోతే పని వాయిదాపడుతూనే ఉంటుంది. గృహరుణం మంజూరుచేసేటప్పుడు మనం ఆ షరతునూ చదవాలి. 20 ఏళ్ల రుణానికి హామీ అయిన ఇల్లు 20 ఏళ్లూ గట్టిగా నిలవాలి కదా!