మంచం ఏటవాలుగా వేస్తే సోరియాసిస్ తగ్గుతుందా?

"మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి, ఆరంగుళాలు ఎత్తు చేసి పడుకుంటే సోరియాసిస్ పోతుందట, నిజమేనా?" అని రోగుల బంధువులు కొందరు అడుగుతుంటారు.

రాత్రిళ్లు ఛాతీలో మంట, పుల్లటి త్రేన్పులు వచ్చేవారికి ఈ పద్ధతి ఉపశమనమిస్తుంది. కడుపులోని ఆమ్లం పైకి ఎక్కడం తగ్గుతుంది. కాని సోరియాసిస్ సంగతి వేరు. ఇందులో శరీర రక్షణ వ్యవస్థ అదుపు తప్పి చర్మాన్ని తొందరపెడుతుంది. సుమారు నెల రోజులు పట్టే చర్మకణాల పెరుగుదల కొద్ది రోజుల్లోనే జరిగి, పొలుసులుగా పేరుకుంటుంది. మంచం వాలు దీనిని ఆపుతుందనడానికి రుజువు లేదు.

మరి కొందరికి తగ్గిందంటారే? ఈ వ్యాధి దానంతటదే కొన్నాళ్లు తగ్గి, మళ్లీ వస్తుంది. తగ్గే రోజుల్లో ఏ చిట్కా పాటించినా ఆ పేరు దానికే దక్కుతుంది.

అసలు ప్రమాదం ఇటుకల్లో లేదు, వాటిని నమ్మి మందులు మానడంలో ఉంది. ముఖ్యంగా స్టెరాయిడ్ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఒళ్లంతా ఎర్రబడి, చీముపొక్కులు లేచి, ప్రాణం మీదికి రావచ్చు.

కుటుంబ సభ్యులు చేయవలసినవి:
• డాక్టరుకు చెప్పకుండా మందులు ఆపనివ్వకండి.
• స్నానం కాగానే, తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె గాని వాజలిన్ గాని రాయండి.
• ఉదయం కీళ్లు బిగుసుకుపోయినా, వాచినా వెంటనే చూపించండి.
• ఇది అంటువ్యాధి కాదు. కంచం, పక్క వేరు చేయకండి.

వీపు మీది మచ్చలకు రోగి చేయి అందదు. అక్కడ మందు రాయవలసింది మీరే.