కోతల దినములలో ప్రొద్దుటి ఆహారము

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతపు మెట్టగ్రామములలో పత్తి తీయుట మొదలైనది మొదలు మిరపకాయ కోతలు ముగియువరకు ఇల్లాలికి తెల్లవారుజామున తీరిక యుండదు. వత్సవాయి పరిసరములలోని కూలీలు ప్రొద్దు పొడుచునప్పటికే పొలమునకు బయలుదేరవలెను. ఆ లోపల నీరు పట్టి, పాలు పితికి, పిల్లలను లేపి, మధ్యాహ్నమునకు క్యారియరు సర్దవలెను. ఇంతలో ఆటోవాడు కేక వేయును. పిల్లలకు ఏదో పెట్టి, తాను ఒక గ్లాసు టీ త్రాగి ఆమె ఆటో ఎక్కును. మరల అన్నము ముఖము చూచుట మధ్యాహ్నమే.

ఇది చిన్న సంగతి కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఆంధ్రప్రదేశ్‌లో 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత కలదు. దీనికి కారణములు పెక్కు. ప్రొద్దుటి తిండి మానుట ఒక్కటే కారణమని మేము చెప్పబోము. కాని ఆహారములోని ఇనుమును శరీరము గ్రహింపకుండ టీ కొంత అడ్డుపడును. టీ మానుమనుట లేదు. తిన్న గంటకు త్రాగిన చాలును.

ప్రొద్దుట సమయము లేదన్న మాట నిజమే. ఆ సమయమును ముందునాటి రాత్రి వెదకుకొనవలెను. గిన్నెలు కడుగునప్పుడు రెండు గుప్పిళ్ళ పెసలు నీళ్ళలో పోయుటకు నిమిషమైనను పట్టదు. దోసెల పిండివలె దీనిని పులియబెట్టనక్కరలేదు. ప్రొద్దుట పొట్టు తీయకుండనే అల్లము, పచ్చిమిరప, ఉప్పు చేర్చి మిక్సీలో వేసిన పిండి సిద్ధము. పెసలలో సుమారు నాలుగవ వంతు మాంసకృత్తులే. అట్టును చుట్టి చేత పట్టుకొని ఆటోలోనైనను తినవచ్చును. మిక్సీ తిప్పుటకు మగవారికి ప్రత్యేక శిక్షణ అక్కరలేదని కూడ మనవి చేయుచున్నాము.

పూర్వము ఈ మెట్టలలో జొన్న సంకటియే ప్రధానాహారము. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిదప, ఎడమకాలువ క్రింద వరి పెరిగి, తెల్లని అన్నము ఇంటింటికి వచ్చినది. అది మంచిదే. అయినను 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము ఉండగా, మరపట్టిన బియ్యములో 10 మిల్లీగ్రాములకు మించి లేదు. 2023 మార్చిలో రాష్ట్రములోని ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలకు రాగిజావ ఇయ్య నారంభించుటకు ఇట్టి లాభమే ఆధారము. గ్లాసు జావకు నిండు పెద్ద చెంచాడు పిండి చాలును. పిండిని రాత్రియే ఉండలు లేకుండ కొద్ది నీటిలో కలిపి మూత పెట్టవలెను. ప్రొద్దుట మరుగునీటిలో పోసి, పచ్చివాసన పోవువరకు కలియబెట్టి, ఉప్పు వేయవలెను. చల్లారిన పిదప మజ్జిగ పోసిన రుచి హెచ్చును.

ఇక చద్దన్నము. దీనిని పేదల తిండియని చిన్నచూపు చూచినవారే నేడు పట్టణములలో మట్టిముంతలలో పోసి వెలకు కొనుచున్నారు. పొయ్యి వెలిగింపకయే సిద్ధమగు ఆహారము ఇంతకంటె వేరొకటి మాకు తోచదు. కాని జాగ్రత్త వలయును. వండిన అన్నమును గంటలతరబడి గోరువెచ్చగా వదలినచో సూక్ష్మక్రిములు పెరుగును. వానివలన పుట్టిన విషము మరల వేడిచేసినను పూర్తిగా పోదు. కావున భోజనము కాగానే మిగిలిన అన్నమును చల్లార్చి, కాచి చల్లార్చిన నీరు మునుగునట్లు పోసి, రెండు చెంచాల పుల్లని మజ్జిగ కలిపి, శుభ్రమైన పాత్రలో మూతపెట్టి చల్లని చోట ఉంచవలెను. ప్రొద్దుట పుల్లని కమ్మవాసన రావలెను. జిగురుగాని దుర్వాసనగాని తోచినచో పారవేయవలెను. వేసవిలో దీనిని మధ్యాహ్నమునకు దాచరాదు.

చద్దన్నము కడుపు నింపును గాని బలమునకు తోడు కావలెను. రాత్రి నానబెట్టిన వేరుసెనగపప్పు గుప్పెడు, లేక ఉడికించిన గుడ్డు ఒకటి చేర్చిన మేలు. ఉల్లిపాయ నంజుకొనుట మన అలవాటే. నిమ్మరసము పిండిన ఆహారములోని ఇనుము ఒంటబట్టుటకు తోడ్పడును.

వంట ఎట్లున్నను, వడ్డనలో ఒక మార్పు అవసరము. అందరు తినగా మిగిలినది ఇల్లాలికి అను పద్ధతిలో, ఆటో వచ్చువేళకు ఆమెకు మిగులునది ఏమియు నుండదు. పిల్లలకు జావ పోయునప్పుడే ఆమె గ్లాసు కూడ నింపవలెను. త్రాగుటకు వ్యవధి లేకున్న, మూతగల సీసాలో పోసి క్యారియరుతోపాటు సంచిలో పెట్టవలెను.