హన్నా కన్నీరు – మన పురుషుల త్రాగుడు

పాఠ్యభాగము: 1 సమూయేలు 1:1–20



షిలోహు మందిరములో హన్నా ప్రార్థించుచుండగా ఆమె పెదవులు కదలెనే గాని స్వరము వినబడలేదు. యాజకుడైన ఏలీ ఆమెను చూచి, త్రాగియున్నదని తలంచెను. ఆమెయో మద్యమును ముట్టినది కాదు. బిడ్డలు లేని దుఃఖమును దేవునితో చెప్పుకొనుచుండెను.

ఈ భాగము చదివినప్పుడెల్ల మన పల్లెలు మనకు జ్ఞాపకమునకు వచ్చును. పెండ్లియై అయిదేండ్లు గడచినను బిడ్డలు కలుగని యింట నింద ఎవరిమీద పడుచున్నది? కోడలిమీదనే గదా! ఆమెను గొడ్రాలందురు. సీమంతపు పేరంటమునకు పిలువరు. ఆస్పత్రి నుండి ఆస్పత్రికి ఆమెనే త్రిప్పుదురు. కొందరు మారుమనువు మాట కూడ ఎత్తుదురు. ప్రతి సాయంకాలము మద్యపు దుకాణమునకు పోవు భర్తను మాత్రము ఎవరును ఒక్క ప్రశ్నయైనను అడుగరు. ఏలీ త్రాగనిదానిని త్రాగినదనుకొనెను. మనము త్రాగువానిని విడిచి, త్రాగనిదానిని దోషిగా నిలువబెట్టుచున్నాము.

వైద్యశాస్త్రము చెప్పునదేమి?

బిడ్డలు కలుగని దంపతులలో సుమారు సగముమంది విషయములో పురుషునియందును లోపముండును. కొన్నిచోట్ల అతనియందు మాత్రమే, కొన్నిచోట్ల ఇద్దరియందును ఉండును. విపరీతమైన త్రాగుడు అట్టి కారణములలో ఒకటి. అది మూడు విధములుగా హాని చేయును.

మొదటిది, పురుషత్వమును నిలుపు టెస్టోస్టెరోన్ అను హార్మోను తగ్గిపోవును. దానిని పుట్టించు వృషణములను మద్యము నేరుగా దెబ్బతీయును. వాటికి ఆజ్ఞ పంపు మెదడు క్రింది పిట్యూటరీ గ్రంథిని కూడ మందగింపజేయును. అందుచేత కోరికయు దాంపత్యశక్తియు సన్నగిల్లును.

రెండవది, వీర్యకణముల సంఖ్య తగ్గును; ఉన్నవాటి చురుకుదనమును ఆకారమును చెడును.

మూడవది, కాలేయము పాడగును. అప్పుడు శరీరములో స్త్రీ హార్మోను పాలు హెచ్చి, కొందరు పురుషులకు రొమ్ములు ఉబ్బును, వృషణములు కుంచించుకొనిపోవును.

“మా పెదనాన్న జీవితమంతయు త్రాగెను. ఆయనకు ఆరుగురు పిల్లలు పుట్టలేదా?” అని కొందరు అడుగుదురు. నిజమే, త్రాగువారందరు సంతానహీనులు కారు. కరువు వచ్చిన యేట ఊరిలోని బావులన్నియు ఎండిపోవు. అంతమాత్రమున కరువు లేదనగలమా? “మేము త్రాగునది కల్లే గాని బ్రాందీ కాదు” అనువారును కలరు. కల్లులోను సారాలోను బ్రాందీలోను మత్తు కలిగించు పదార్థము ఒక్కటే.

నిరీక్షణ కలదు

వీర్యకణము పుట్టి, పరిపక్వమై బయటికి వచ్చుటకు సుమారు మూడు మాసములు పట్టును. అది స్వల్పకాలపు పంట చేతికి వచ్చునంత కాలము. గనుక నేడు త్రాగుడు మానినవాని శరీరములో నేటినుండియే క్రొత్త పైరు మొదలగును. కొన్ని మాసములలో మేలు కనబడినవారు అనేకులు. అయితే కాలేయము మిక్కిలి చెడినవారికి పోయినదంతయు తిరిగి రాకపోవచ్చును. గనుక ఆలస్యము చేయకూడదు.

ఒక హెచ్చరిక: అనేక సంవత్సరములు ప్రతిదినము అధికముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినయెడల మూర్ఛలు, మతిభ్రమ కలుగవచ్చును, అవి ప్రాణాపాయకరములు. కాబట్టి వైద్యుని సహాయముతో మానవలెను.

ఒక సంవత్సరము కలిసి కాపురము చేసినను గర్భము నిలువనియెడల భార్యాభర్తలు ఇద్దరును వైద్యుని యొద్దకు పోవలెను. భార్యకు 35 ఏండ్లు దాటినయెడల ఆరు మాసములకే పోవుట మంచిది. పురుషునికి చేయు వీర్యపరీక్ష సులభమైనది. కోతయు నొప్పియు లేదు. అడ్డుపడునది సిగ్గు మాత్రమే.

సంఘమునకు ఒక మాట

బిడ్డలు లేని ప్రతి పురుషుని త్రాగుబోతని అనుమానింపకుడి. త్రాగనివారికిని ఇతర కారణములచేత సంతానము కలుగకపోవచ్చును. బిడ్డలు లేమి శాపమని చెప్పుట మన పని కాదు. ఎల్కానా హన్నాను తిట్టలేదు, వెళ్లగొట్టలేదు, ప్రేమించి ఆదరించెను. భర్తలు నేర్చుకొనవలసినది అదియే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామ స్త్రీలు సారాపై లేచిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారా అమ్మకము నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను; 1997లో అది సడలింపబడెను. చట్టము వచ్చును, పోవును. హృదయములో చేసికొనిన తీర్మానమును ఏ ప్రభుత్వమును రద్దు చేయజాలదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో బిడ్డలు లేని సహోదరితో మనము ఎట్లు మాటలాడుచున్నాము?
2. వైద్యపరీక్షకు భార్యను మాత్రమే పంపు భర్తకు మనమేమి చెప్పవలెను?
3. త్రాగుడు మానగోరు సహోదరునికి సాయంకాలవేళ తోడుగా ఎవరు కూర్చుందురు?

ఈ నెల కుటుంబ ప్రార్థనలలో హన్నావలె కన్నీరు విడుచు స్త్రీలను, వారి భర్తలను జ్ఞాపకము చేసికొందము. ఏలీ తన పొరపాటు తెలిసికొని ఆమెను దీవించి పంపెను. మనమును మన పొరపాటును దిద్దుకొందము గాక.