"జ్ఞా" నేర్పిన పాఠం

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచమంతా వార్తలకెక్కింది. "జ్ఞా" ఒక ప్రత్యేకమైన వరుసలో మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్‌లో ఆ యాప్ ఆగిపోయేది. ఆపిల్ కంపెనీ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది. అంతవరకు తెలుగు తెలిసినవాళ్ళకి కాచుకోవడం తప్ప వేరే దారి లేదు. ఎందుకంటే ఆ ప్రోగ్రామ్ లోపలి రాత, అంటే సోర్స్ కోడ్, కంపెనీ చేతిలోనే ఉంటుంది.

ఒక అక్షరానికి యాప్ ఎందుకు ఆగాలి? మన కంటికి "జ్ఞా" ఒకే అక్షరం. ఫోన్‌కి మాత్రం జ, పొల్లు, ఞ, దీర్ఘం అని నాలుగు ముక్కలు. గొడవ చేసిన వరుసలో వీటి మధ్య కంటికి కనబడని ఇంకో గుర్తు కూడా ఉంది. ముక్కల్ని కలిపి, ఒత్తుని కిందికి దించి, తలకట్టు తీసి దీర్ఘం పెట్టే పనిని షేపింగ్ అంటారు.

ఒడుగత్తూరులో మా ఇంట్లో రెండు భాషలూ నడుస్తాయి కాబట్టి నాకు ఇది సులభంగా అర్థమయింది. తమిళంలో "అక్క" రాస్తే మొదటి "క" నెత్తిన పుళ్ళి పెట్టి, రెండోదాన్ని పక్కనే రాస్తాం. తెలుగులో రెండోది ఒత్తుగా కిందికి పోతుంది. అందుకే తెలుగుని కలపడం కంప్యూటర్‌కి ఇంకొంచెం కష్టం.

ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రేఆఫీస్‌లలో ఈ పని చేసే ప్రోగ్రామ్ పేరు హార్ఫ్‌బజ్. ఇది ఓపెన్ సోర్స్. దీని కోడ్‌ని ఎవరైనా చదవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని దాని లైసెన్సే చెప్తుంది.

సరే, అందులో ఒక తప్పు కనబడింది అనుకుందాం. ఎట్లా సరిచేస్తారు?

1. ముందు తప్పుని వివరంగా రాసి పెడతారు. దాన్ని ఇష్యూ అంటారు.
2. మొత్తం కోడ్‌కి తమ సొంత నకలు తీసుకుంటారు. అది ఫోర్క్.
3. నకలులో మార్పు చేసి, ఏం మార్చారో, ఎందుకో ఒక మాట రాసి భద్రపరుస్తారు. అది కమిట్.
4. "ఈ ముక్కలిస్తే ఈ ఆకారం రావాలి" అని ఒక పరీక్ష కూడా జత చేస్తారు.
5. "నా మార్పు తీసుకోండి" అని అడుగుతారు. అది పుల్ రిక్వెస్ట్.
6. ప్రాజెక్టుని చూసుకునేవాళ్ళు చదివి, ప్రశ్నలు వేసి, దిద్దించి, బాగుంటే కలుపుకుంటారు. అది మెర్జ్.

వీటిలో మూడోదానికి ప్రోగ్రామింగ్ రావాలి. మరి మొదటిదానికీ నాలుగోదానికీ? ఒత్తు ఎక్కడ కూర్చోవాలో తెలిసిన మనిషి కావాలి. గుణింతం, ఒత్తులు, సంయుక్తాక్షరాలు చదువుకున్న మనం ఆ మనుషులమే. ఆర్ట్స్ వాళ్ళకి ఇందులో ఏం పని అని అడిగేవాళ్ళకి ఇదే నా జవాబు.

వేరే తలుపులూ ఉన్నాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా, మీడియావికీ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ మీద నడుస్తుంది. దానిలో కనబడే మెనూ మాటల్ని తెలుగు చేసింది స్వచ్ఛంద కార్యకర్తలే. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థవాళ్ళు తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేశారు.

మన వైపు చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం చదువుతారు. అట్లాంటి పిల్లలకి తెలుగు అక్షరాలు ఎక్కువగా కనబడేది ఫోన్‌లోనే. అదే వాళ్ళ పలక. పలక మీద అక్షరం విరిగి కనబడితే వాళ్ళు విరిగిన అక్షరాన్నే నేర్చుకుంటారు.

కాబట్టి ఈ వారం మీ ఫోన్‌లో తెలుగుని కొంచెం జాగ్రత్తగా చూడండి. తప్పుగా కనబడిన మాట దొరికితే నాలుగు సంగతులు రాసుకోండి: ఏ ఫోన్, ఏ యాప్, ఏ మాట, అది ఎట్లా కనబడాలి. ఇష్యూ రాయడానికి మొదట కావలసింది అంతే. ఈ గోడపత్రిక కింద తెల్లకాగితం అంటించి ఉంది, దాని మీద రాయండి. అందరం కలిసి చూద్దాం.