మార్కుల లెక్క వేరు, సీటు లెక్క వేరు

రాజపాళయం బజారులో నూలును వ్రేళ్లతో నలిపి కౌంటు చెప్పగల తండ్రులు మనలో పలువురు కలరు. కాని తమ బిడ్డకు ప్లస్ టూలో వచ్చిన మార్కులు ఏ కాలేజీలో ఎంతకు చెల్లునో చెప్పగలవారు అరుదు. నేనును చెప్పలేనివాడనే. హైస్కూలుతో చదువు మాని కొట్టులో కూర్చున్నవాడను. నా అజ్ఞానమునకు మా పెద్దవాడు మూల్యము చెల్లించినాడు గనుక, తరువాత నేర్చుకొన్న సంగతులను మన కుటుంబములవారికి తెలుపవలెనని వ్రాయుచున్నాను.

అది 2019 సంగతి. తమిళనాడు ఇంజనీరింగు కౌన్సెలింగు అంతకు ముందటి యేడే ఆన్‌లైనుకు మారినది. పూర్వము చెన్నైలో అన్నా యూనివర్సిటీకి వెళ్లి, తెర మీద ఖాళీలు చూచి, అక్కడికక్కడే కోరుకొనేవారు. కొత్త పద్ధతిలో ఇంట కూర్చుండి కాలేజీల పేర్లు వరుసగా నింపవలెను. మావాడికి మంచి మార్కులే వచ్చినవి. నేను పక్కన కూర్చుండి, "ముందు దగ్గరి కాలేజీ వ్రాయరా. పెద్దవి క్రింద వ్రాయి. మార్కులు చాలితే వాళ్లే ఇస్తారు" అన్నాను. వాడు, "అట్లా కాదేమో నాన్నా" అని రెండుసార్లు అన్నాడు. తండ్రి మాట గదా, చివరకు వ్రాసినాడు.

కంప్యూటరు పైనుండి క్రిందికి చూచును. మొదటి పేరు వద్దనే ఖాళీ కనబడినది, దానినే ఇచ్చివేసినది. నాల్గవదిగా వ్రాసిన చెన్నై కాలేజీలో, మా వర్గములోనే, వీని కంటె తక్కువ మార్కుల పిల్లవానికి అదే శాఖ దొరికినదని తరువాత తెలిసినది. పైకి మారు అవకాశము ఉన్నది గదా అని విచారించినాము. అది మనము వ్రాసిన వరుసలో పైనున్న పేర్లకే గాని క్రింది పేర్లకు కాదట. మొదటి పేరుకు పైన ఏమి యుండును? వాడు నన్ను ఒక్క మాట అనలేదు. అనియుంటే బాగుండెడిది.

గనుక పేర్లను ఆశపడిన క్రమములో వ్రాయవలెను, దొరుకునను క్రమములో కాదు. పైన దుర్లభమైన పేర్లు పది వ్రాసినను క్రింది పేరు చెడదు. ర్యాంకు ప్రకారము మన వంతు వచ్చినప్పుడు కంప్యూటరు ఆ పదింటిని చూచి, లేకపోతే పదునొకండవ దానికి దిగును. అంతే. బేరములో మొదట తక్కువ అడిగి తరువాత పెంచుట ఎక్కడైనా ఉన్నదా? అంగడిలో నేను ఎన్నడును చేయని పని బిడ్డ విషయములో చేసినాను.

ఇక మార్కుల మాట. మన విరుదునగర్ జిల్లా ఉత్తీర్ణతలో చాలా యేండ్లు రాష్ట్రమునకు మొదటిది. 2017, 2018 సంవత్సరములలో కూడ ప్లస్ టూలో మొదటి స్థానము మనదే. దానికి మనము గర్వపడుట న్యాయమే. కాని ఉత్తీర్ణత వేరు, సీటు వేరు. రాష్ట్రములో 1984 నుండి యుండిన ప్రవేశ పరీక్షను 2007లో తీసివేసినారు. అప్పటినుండి ఇంజనీరింగునకు ప్లస్ టూ మార్కులే ఆధారము. అయితే మొత్తము 600 మార్కులను వారు చూడరు. గణితమునకు 100, భౌతిక శాస్త్రమునకు 50, రసాయన శాస్త్రమునకు 50, వెరసి 200. దీనినే కటాఫ్ అందురు.

ఒక ఉదాహరణ. ఒక పిల్లకు గణితములో 98, భౌతికములో 90, రసాయనములో 90. మరియొక పిల్లకు వరుసగా 90, 94, 94. ఇద్దరికిని మూడు పాఠములు కలిపి 278 మార్కులే. ఇంటికి వచ్చిన చుట్టములు ఇద్దరిని సమానముగానే మెచ్చుకొందురు. కాని మొదటి పిల్ల కటాఫ్ 188, రెండవ పిల్లది 184. ఆ నాలుగింటి మధ్య వేలమంది పిల్లలు నిలబడియుందురు. కటాఫ్ సమానమైనచో మరల గణితమునే మొదట చూతురు, తరువాత భౌతికమును. ఒకే కష్టమునకు గణితములో రెండింతల ధర పలుకుచున్నప్పుడు, సాయంకాలపు గంటలను అన్ని పాఠములకు సమానముగా పంచుట ఏమి వ్యాపారము?

పదునొకండవ తరగతి గూర్చి ముఖ్యముగా చెప్పవలెను. ఒకప్పుడు అనేక ప్రయివేటు పాఠశాలలు ఆ పాఠములను ప్రక్కన పెట్టి, రెండు సంవత్సరములును పండ్రెండవ తరగతినే వల్లె వేయించేవి. ప్లస్ టూలో మార్కులు కుప్పలుగా వచ్చేవి. ఐ.ఐ.టి. వంటివాటి పరీక్షలలో మాత్రము పిల్లలు తెల్లమొగము వేసేవారు, ఏలననగా ఆ ప్రశ్నలలో రమారమి సగము పదునొకండవ తరగతివే. దీనిని మాన్పుటకే 2018 మార్చి నుండి ఆ తరగతికిని పబ్లిక్ పరీక్ష పెట్టినారు. ఆ పరీక్షను 2025-26 నుండి మరల ఎత్తివేసినారు. భయము లేని యేడు ఆటపాటలతో జారిపోవును. తండ్రులు ఆ సంవత్సరమందే కన్ను వేసియుండవలెను.

మరియు ఆ తరగతిలో చేరునపుడే గ్రూపు ఎన్నుకొనవలెను. "మనవాడు లెక్కలు వ్రాసుకొంటే చాలు, కామర్సు తీసుకో" అనుట మన ఇండ్లలో పరిపాటి. కామర్సు చెడ్డదని నేను అనను. కాని అందులోను గణితమును విడువరాదు. 2022 నుండి కేంద్ర విశ్వవిద్యాలయములకు సి.యు.ఇ.టి. అను పరీక్ష వచ్చినది. ఢిల్లీలో అర్థశాస్త్రము ఆనర్సు చదువవలెనన్న గణితము తప్పదు. ఇందూరు ఐ.ఐ.ఎం.లో ప్లస్ టూ తరువాత నేరుగా చేరు అయిదేండ్ల చదువు 2011 నుండి కలదు. వ్యాపార కుటుంబముల పిల్లలకు అది మిక్కిలి తగినది. దాని పరీక్షలోను ముఖ్యభాగము గణితమే.

మనలో కొందరు, ఆంధ్రలో చుట్టములు ఉన్నారు గదా అని, పదవ తరగతి కాగానే పిల్లలను విజయవాడ, హైదరాబాదు హాస్టలు కాలేజీలకు పంపుచున్నారు. అక్కడి చదువు గట్టిదే కావచ్చును. కాని పంపుటకు ముందు ఈ సంగతి ఆలోచింపుడు. తిరుచ్చి ఎన్.ఐ.టి.లో సగము సీట్లు తమిళనాటి వారికి. ఎవరు తమిళనాటి వారు? ఇక్కడ ప్లస్ టూ పరీక్ష ఇచ్చినవారు. పుట్టిన ఊరు లెక్కలోనికి రాదు. రాష్ట్ర కౌన్సెలింగులోను, 8 నుండి 12 వరకు ఇక్కడే చదివిన పిల్లకు నేటివిటీ పత్రము అక్కరలేదు. నడుమ బయటికి పోయినచో కావలెను. ఈ మధ్య వచ్చి స్థిరపడిన కుటుంబములకు అది దొరకుట కష్టము. పోనీ ఆంధ్రలో స్థానికులగుదురా అన్న, అక్కడ వరుసగా నాలుగేండ్ల చదువు చూపవలెను. రెండేండ్లకు పంపిన పిల్ల రెంటికి చెడ్డ రేవడి యగును.

పరీక్షలో తప్పు జవాబునకు మార్కు తీసివేయుదురని పిల్లలు వణకుదురు. జె.ఇ.ఇ. మెయిన్‌లోను, నీట్‌లోను ఒప్పునకు 4, తప్పునకు 1 నష్టము. నాలుగు జవాబులలో రెండు కావని తెలిసినచో, అట్టి ప్రశ్నలు రెండింటికి గుర్తు పెట్టినప్పుడు సగటున ఒకటి ఒప్పు, ఒకటి తప్పు. నికరము 3 లాభము. వదలివేసిన సున్న. ఏమియు తెలియని ప్రశ్నలో లాభము స్వల్పము, అదియు అదృష్టము మీద. ఐ.ఐ.టి.కి ప్లస్ టూలో నూటికి 75 గాని, బోర్డులో మొదటి అయిదవ వంతులో స్థానము గాని యుండవలెను గనుక బడి పరీక్షను నిర్లక్ష్యము చేయరాదు.

2014లో జైనులను దేశమంతట మైనారిటీగా ప్రకటించినారు. ఆ పత్రముతో ఐ.ఐ.టి.లోను, అన్నా యూనివర్సిటీలోను సీటు వచ్చునని నమ్మి కూర్చున్నవారిని నేను ఎరుగుదును. రాదు. జైన మైనారిటీ కాలేజీలలోనే దానికి విలువ. రిజర్వేషను లేని కుటుంబములకు కేంద్ర సంస్థలలో 2019 నుండి నూటికి పది చొప్పున ఇ.డబ్ల్యు.ఎస్. సీట్లు కలవు. కుటుంబ ఆదాయము ఎనిమిది లక్షల లోపు ఉండవలెను, ఇతర నిబంధనలును కలవు. పత్రము ఆ యేడు ఏప్రిల్ 1 తరువాత తీసినదై యుండవలెను. తమిళనాడు రాష్ట్ర సీట్లలో ఇది లేదు. ఆడిటరుతో ముందే మాటలాడుట మంచిది.

మా చిన్నమ్మాయి 2024లో కౌన్సెలింగునకు కూర్చున్నది. వరుస తానే వ్రాసుకొన్నది, మొదటి పేరు గిండీ కాలేజీ. నాకు నోటిదాక వచ్చినది, కాని మా పెద్దవాడు గడపలో నిలబడి చూచుచున్నాడు. నేను ఊరకుంటిని. ఆమెకు అయిదవ పేరు దొరికినది. నేను వ్రాయించియుంటే దానిని ముప్పదవదిగా వ్రాయించియుందును.