పక్షులను చూచుట, పువ్వులయొద్ద నేర్చుకొనుట

పాఠభాగము: మత్తయి 6:25–34
తోడు భాగములు: ఆదికాండము 24:63–67, 1 రాజులు 19:4–13



ఈ నెల పాఠమునకు మేము తీసికొనిన విషయము చింత. మార్కాపురము, గిద్దలూరు, కంభం, దోర్నాల ప్రాంతములలో చింత యన నేమో ఎవరికిని వివరింప నక్కరలేదు. బోరు వేయించి నీరు పడక అప్పు మాత్రము మిగిలిన రైతు, పలకల గనిలో పని దొరకక వలసపోవు కుటుంబము, పరీక్షాఫలితముకొరకు కనిపెట్టు విద్యార్థి, దూరపట్టణమందున్న కుమారుని ఫోనుకొరకు ఎదురుచూచు తల్లి, వీరందరికిని రాత్రివేళ నిద్ర దూరమగుట మేమెరుగుదుము. అట్టివారితో చింతపడవద్దని చెప్పుట సులభము. చెప్పినంత మాత్రమున చింత పోవునా? పోదు. మన ప్రభువు ఆ మాట చెప్పి ఊరకుండలేదు. ఆ మాటతోకూడ రెండు పనులు చేయుమనెను. ఒకటి పక్షులను చూచుట, రెండవది పువ్వులను గూర్చి ఆలోచించుట. ఈ రెండు పనులను మన ఊళ్లలో ఏలాగు చేయవచ్చునో, ఇప్పుడు అందరి చేతులలోను ఉన్న సెల్‌ఫోను అందుకు ఎప్పుడు తోడ్పడునో, ఎప్పుడు అడ్డుపడునో ఆలోచింతము.

1. రెండు క్రియలు

గ్రీకు మూలములో 26వ వచనమందు పక్షులను గూర్చి వాడబడిన క్రియకు దృష్టి నిలిపి తేరిచూచుట అని యర్థము. 28వ వచనమందు పువ్వులను గూర్చి వాడబడిన క్రియకు బాగుగా నేర్చుకొనుట అని యర్థము. శిష్యుడు అను గ్రీకు మాటయు ఈ రెండవ క్రియయొక్క ధాతువునుండియే వచ్చినది. అనగా పొలము గట్టున పూచిన పువ్వు ఎదుట మనము కొంతసేపు బడిపిల్లలవలె నిలువవలెనని భావము. దారిని పోవుచు ఒకసారి కన్ను వేసి సాగిపోయిన యెడల ఈ ఆజ్ఞను నెరవేర్చినట్లు కాదు.

ఈ మాట వినినవారెవరో గమనించుడి. వారు తీరికగల ధనవంతులు కారు. పన్నుల భారము క్రింద నుండి, రేపటి అన్నమునకు, బట్టకు వెదకుకొనువారు. నేడు పొలములో నుండి రేపు పొయ్యిలోనికి పోవు గడ్డిని గూర్చి ప్రభువు మాటలాడెను. కందికట్టె పొయ్యిలో పెట్టుకొను మన తల్లులకు ఆ మాట వెంటనే బోధపడును. కాబట్టి ప్రకృతిని చూచి సేదదీరుట పట్టణవాసుల వినోదమని ఎవరును అనుకొనరాదు. అది మొదట బీదవారికి చెప్పబడిన మాట.

చింతపడు మనస్సు గానుగెద్దువంటిది. ఎంత తిరిగినను అదే చోట తిరుగును. దానిని ఊరక నిలుపబోయిన నిలువదు. బయటనున్న మరియొక దానిమీద దృష్టి నిలిపినయెడల కొంత విరామము కలుగును. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు 2015లో ప్రచురించిన యొక పరిశోధనలో 38 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపును చెట్లు, గడ్డి యున్న చోటను, రెండవ గుంపును వాహనములు తిరుగు పెద్ద రోడ్డు ప్రక్కను 90 నిమిషములు నడిపించిరి. చెట్లనడుమ నడచినవారిలో తమ కష్టములనే మరల మరల తలపోయుట తగ్గెను. రోడ్డుప్రక్క నడచినవారిలో తగ్గలేదు. ఇంగ్లండులో ఇంచుమించు 20,000 మందిని విచారించి 2019లో ప్రచురించిన మరియొక పరిశోధనలో, వారమునకు మొత్తము 120 నిమిషములైనను ప్రకృతిలో గడపువారు, అట్లు గడపనివారికంటె ఎక్కువగా తమ ఆరోగ్యము, మనస్సు బాగుగా నున్నవని చెప్పిరి. రోజుకు పదునెనిమిది నిమిషములైనను చాలునన్నమాట.

2. ఏ దారిని నడువవలెను?

ఇస్సాకు సాయంకాలమున పొలములోనికి వెళ్లి ధ్యానించెనని ఆదికాండము 24లో చదువుచున్నాము. అదే అధ్యాయము చివర అతడు తల్లిని పోగొట్టుకొనిన దుఃఖములో నుండెనని తెలియుచున్నది. ఆ దుఃఖమును అతడు గుడారములో మూసిపెట్టుకొనక, పొలములోనికి తీసికొనిపోయెను.

"మేము తెల్లవారినది మొదలు పొలములోనే నడుచుచున్నాము, మాకు వేరే నడక యెందుకు?" అని కూలిపని చేయువారు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. వారికి వేరే నడక అక్కరలేదు. చేనికి పోవు దారిలోనే ఒక చెట్టుక్రింద అయిదు నిమిషములు నిలిచి చూచిన చాలును. కూర్చుండి పనిచేయు ఉపాధ్యాయులు, అంగడివారు, విద్యార్థులు మాత్రము ఉదయముననో సాయంకాలముననో పట్టణములోని చిన్న ఉద్యానవనమునకైనను, ఊరిబయటి చెరువుకట్టకైనను వెళ్లవచ్చును. స్త్రీలు ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లుట మంచిది.

ఇంతకంటె మంచి చోటు కావలెనన్న కంభం చెరువు మనకు దగ్గరనే యున్నది. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మకును, జంపలేరునకును అడ్డముగా, రెండు కొండల నడుమ విజయనగర రాజుల కాలమున కట్టిన కట్ట అది. గజపతుల ఆడుబిడ్డయైన వరదరాజమ్మ దానిని కట్టించెనని చెప్పుదురు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు దానిని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడముగా గుర్తించిరి. వానలు కురిసిన యేట ఆ కట్టమీద నిలిచిన కొంగలు, నీటికాకులు, లకుముకిపిట్టలు కనబడును. వానలు తప్పిన యేట చెరువు అడుగు బయటపడును. రెండు దృశ్యములును మనకు పాఠములే. ఈ నీరే దిగువకు పారి ఒంగోలు దగ్గర వెల్లంపల్లి చేరును. 1876–78 సంవత్సరముల గొప్ప కరవు తరువాత, 1878 జూలై 3వ తేదిన 2,222 మంది బాప్తిస్మము పొందినది ఆ రేవుననే. అన్నమునుగూర్చిన చింత యెట్టిదో ఆ నీటిలో నిలిచిన మన పెద్దలకు తెలియును.

3. మన గురువులు

పక్షులు విత్తవు, కోయవు గనుక మనమును పని మానుకొనవచ్చునని కొందరు వాదింతురు. అట్టివారు బావి గట్టునగల ఈతచెట్టు క్రిందనో తుమ్మచెట్టు క్రిందనో వానకాలమున నిలిచి గిజిగాని చూడవలెను. మగపక్షి గడ్డిపోచలు చీల్చి తెచ్చి, ముక్కుతో ముడివేసి, గూడు సగము అల్లును. ఆడుపక్షి వచ్చి పరీక్షించును. దానికి నచ్చినయెడల మిగిలిన సగము పూర్తియగును. నచ్చకున్న మగపక్షి మరియొక గూడు మొదలుపెట్టును. అది దినమెల్ల పనిచేయును. అయితే నిరుటి గూటిని తలంచి ఏడ్వదు. ప్రభువు మాన్పింప గోరినది చింతనే గాని పనిని కాదని గిజిగాడు మనకు నేర్పుచున్నది.

ఫిబ్రవరి, మార్చి నెలలలో గిద్దలూరునుండి నంద్యాలకు అడవిమీదుగా ప్రయాణము చేయువారు ఆకులన్నియు రాల్చిన మోదుగచెట్టు నిండ ఎఱ్ఱని పువ్వులతో నుండుట చూతురు. నీరు లేని కాలమున, ఆకు లేని కొమ్మన అది పూచును. తంగేడును చూడుడి. ఎవడును నీరు పోయడు, ఎవడును కంచె వేయడు. రాతినేలలో పచ్చగా పూచును. వీటిని చూచినంత మాత్రమున మన అప్పు తీరదు. కాని ఎండిన నేల అంతయు చచ్చిన నేల కాదని మన కన్ను నేర్చుకొనును.

4. ఫోటో తీయుట

ఇప్పుడు సెల్‌ఫోను సంగతి. ఫోటో తీయుట వలన చూచుట పెరుగునా, తరుగునా? అమెరికాలోని ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయమందు లిండా హెంకెల్ అను మనశ్శాస్త్ర పండితురాలు విద్యార్థులను మ్యూజియములో త్రిప్పి, కొన్ని వస్తువులను ఊరక చూడుమని, కొన్నిటిని ఫోటో తీయుమని చెప్పెను. ఫోటో తీసిన వస్తువులు వారికి తక్కువగా జ్ఞాపకముండెను. కెమేరా చూచును గదా యని మనస్సు చూచుట మానెను. అయితే ఒక వస్తువులో ఒక భాగమును దగ్గరగా చేసి ఫోటో తీసినవారికి ఆ నష్టము కలుగలేదు. ఈ సంగతి 2014లో ప్రచురింపబడెను.

మా యౌవనస్థులతో చెరువుకట్టకు వెళ్లినప్పుడు ఇదే మేము చూచితిమి. ఒక చిన్నవాడు అరగంటలో నూటికి పైగా ఫోటోలు తీసెను. "ఆ కొంగ కాళ్లు ఏ రంగు?" అని అడిగితిమి. అతడు జవాబు చెప్పుటకు ఫోను తెరచి చూడవలసి వచ్చెను. అందరును నవ్విరి, అతడును నవ్వెను. తరువాత ఫోనులన్నియు సంచిలో పెట్టించి, పావుగంట ఊరక కూర్చుండి, ఒక్కొక్కరు ఒక్కటే ఫోటో తీయవలెనని చెప్పితిమి. ఆ చిన్నవాడు ఈసారి నీటి అంచున నున్న ఒక రెల్లుపోచను మాత్రము తీసెను. దానిమీద ఎండ ఏ ప్రక్కనుండి పడినదో, గాలికి అది ఎంతసేపటికి ఒకసారి వంగినదో ఇంటికి వచ్చువరకు చెప్పుచుండెను. మొదటి నూరు ఫోటోలను గూర్చి ఒక్క మాటయు చెప్పలేదు.

కాబట్టి మేము చెప్పు నియమము ఇది: ముందు కన్ను, తరువాత ఫోను. ఫోను మనలను నిలుపునట్టిదైతే మేలు, పరుగెత్తించునట్టిదైతే కీడు. తీసిన ఫోటోను వెంటనే పదిమందికి పంపి, ఎవరు మెచ్చిరో యని మరల మరల చూచుట మొదలుపెట్టితిమా, విడిచివచ్చిన చింతకు బదులు క్రొత్త చింతను కొని తెచ్చుకొనినట్లే.

5. పట్టుకొనక చూచుట

నంద్యాల, గిద్దలూరు నడుమనున్న అడవిలో నెమలి మెడవంటి నీలిరంగుగల సాలెపురుగు ఒకటి చెట్టు తొఱ్ఱలలో నివసించును. 1899లో పోకాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు గుత్తిలో దొరికినదానిని చూచి దానిని లోకమునకు తెలిపెను. రైలులో కొట్టుకొనిపోయి గుత్తి చేరియుండునని తలంచుదురు. దాని నిజమైన నివాసము ఈ మన అడవియే. నేడది మిక్కిలి ప్రమాదములో నున్న జీవులలో లెక్కింపబడుచున్నది. కట్టెలకొరకు అడవి నరుకబడుట ఒక కారణము. అందము చూచి పట్టుకొనిపోయి అమ్ముకొనుట మరియొక కారణము. అందమును చూచుట ఒకటి, స్వాధీనపరచుకొనుట మరియొకటి. అరుదైన జీవిని ఫోటో తీసి, అది యున్న చోటును అందరికి తెలియజేయుటయు దానిని పట్టువానికి దారి చూపుటయే యగును.

నల్లమల పెద్దపులుల అభయారణ్యము గనుక అనుమతి లేక లోపలికి పోరాదు. అడవిని చూడగోరువారు దోర్నాల, శ్రీశైలము దారిలో తుమ్మలబైలువద్ద అటవీశాఖవారు నడుపు వాహనములలో వెళ్లవచ్చును. గూటిదగ్గరకు పోయి పక్షిని లేపరాదు. దారిప్రక్క కోతులకు తిండి వేయరాదు. వేసవిలో నిప్పు ముట్టింపరాదు. తూముల మీదను, రైలుపట్టాల మీదను నిలిచి తమ ఫోటో తాము తీసికొనుట బుద్ధిహీనత. తల్లిదండ్రులు ఈ సంగతిని బిడ్డలకు గట్టిగా చెప్పవలెను.

6. ఒక హెచ్చరిక

నడకయే అన్నిటికి మందని మేము చెప్పుట లేదు. ఏలీయా చావు కోరుకొని బదరీవృక్షము క్రింద పండుకొనినప్పుడు దేవుడు మొదట అతనికి నిద్ర నిచ్చెను, రెండుసార్లు అన్నము పెట్టించెను. కొండ, గాలి, మిక్కిలి నిమ్మళమైన స్వరము తరువాత వచ్చినవి. కాబట్టి వారములకొలది నిద్ర పట్టక, తిండి సయింపక, చావవలెనను తలంపు వచ్చుచున్నవానిని "కొంచెము నడిచి రమ్ము" అని పంపివేయుట ప్రేమ కాదు. వాని ప్రక్కన కూర్చుండుడి, భోజనము పెట్టుడి, వైద్యునియొద్దకు తోడుకొనిపొండు. ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి మానస్ అను సహాయమునకు 14416 నంబరునకు ఏ వేళనైనను డబ్బు లేకుండ ఫోను చేయవచ్చును. అప్పులవాని బాధ ఒక్కనిది కాక సంఘమంతయు పంచుకొనవలసినది.

మన పాఠభాగముయొక్క చివరి వచనమును చూడుడి. ఏ నాటి కష్టము ఆ నాటికి ఉండుననియే ప్రభువు చెప్పెను. కష్టము లేదని చెప్పలేదు. పక్షిని చూచి వచ్చినవానికి రేపటి కష్టము రేపుండును. అయితే రేపటిదానిని నేడే మోయుట కొంతసేపు మానిన భుజము, రేపు దానిని మోయుటకు బలము తెచ్చుకొనును.

ఈ నెలలో చేయదగినవి

వారమునకు మూడు దినములు, ఒక్కొక్కప్పుడు అరగంట నడువుడి. ప్రతిసారి ఒకే చెట్టునొద్ద నిలిచి, నిన్న లేనిది నేడేమి కలదో చూడుడి. వారమునకు ఒక్క ఫోటో మాత్రము తీయుడి. ఫోను లేనివారు చూచిన దానిని రెండు మాటలలో వ్రాసికొనుడి. నెల చివర కూడికలో వాటిని ఒకరికొకరు చూపుకొనుడి.

చర్చకు ప్రశ్నలు

1. మత్తయి 6:26, 28 వచనములలోని రెండు క్రియలకు భేదమేమి? మన దినచర్యలో ఏది తక్కువగా నున్నది?
2. గిజిగాని పనికిని మన పనికిని పోలికయేమి, భేదమేమి?
3. ఏలీయాకు అన్నము ముందు, కొండ తరువాత ఎందుకు ఇవ్వబడెను?
4. మన వీధిలో నిద్రపట్టని వారెవరు? ఈ వారము వారితో నడచుటకు మనలో ఎవరు వెళ్లుదురు?