షాబాదు బండ ఏ యూరిది? ఆధారాన్వేషణమును గూర్చి విద్యార్థులకు

ఇంటి నేలకు పరచు నున్నని నాపరాళ్లను షాబాదు బండలనుట తెలంగాణమున ఇంటింటి వాడుక. కనుక రంగారెడ్డి జిల్లా షాబాదు మండలమునకు చెందిన డిగ్రీ విద్యార్థి యొకడు తన యూరి చరిత్రను గూర్చి ప్రాజెక్టు పత్రము వ్రాయబూనినచో, ఈ ప్రసిద్ధశిలకు తన యూరి పేరే వచ్చినదను వాక్యము అతని కలమునుండి అప్రయత్నముగా వెలువడుట సహజము. స్వగ్రామాభిమానమునకు అది హితవుగా నుండును, వినువారును కాదనరు. అయినను అది సత్యము కాదు. ఆ బండకు పేరిచ్చిన షాబాదు కర్ణాటకమున, కలబురగి జిల్లాలో, వాడి జంక్షనుకు చేరువ రైలుమార్గముపై నున్న పట్టణము. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫూట్ భీమానదీ ప్రాంతపు శిలలను 1876లో ప్రకటితమైన తన గ్రంథమున వర్ణించెను. ఆ శిలాశ్రేణిలోని సున్నపురాతి పొరలకు భూవిజ్ఞానులు ఆ పట్టణము పేరే యుంచిరి. ఆ శ్రేణియే తూర్పుగా సాగి మన తాండూరు వరకు వచ్చుటచేత అచ్చటి రాయి తాండూరు బండగా ప్రసిద్ధి కెక్కినది. రెండు షాబాదులును 1956 నవంబరు 1వ తేదీ వరకు ఒకే హైదరాబాదు రాష్ట్రమున నుండినవి గనుక, ఈ భ్రాంతికి అదియు కొంత తోడ్పడి యుండవచ్చును.

ఉద్యోగము కొరకు ఎదురుచూచు యువకునకు ఈ బండ పుట్టుకతో ప్రయోజనమేమని కొందరు శంకింపవచ్చును. నేటి కార్యాలయములలో, పత్రికలలో, న్యాయస్థానములలో, పరిశోధనాలయములలో, కర్మాగారములలో సైతము, పై యధికారి క్రింది యుద్యోగిని అడుగు మొదటి ప్రశ్న ఒక్కటే: "ఇది నీకెట్లు తెలిసినది?" ఆ ప్రశ్నకు తడబడక, ఎవరు చెప్పిరి, ఎప్పుడు చెప్పిరి, వారికెట్లు తెలిసినది అని మూడు మాటలలో సమాధానము చెప్పగలవాని విలువ పట్టాలవలన వచ్చు విలువకంటె గొప్పదని నా దృఢవిశ్వాసము. ఆ విద్యను కళాశాలలో నుండగనే అభ్యసింపవలెను. అభ్యాసమునకు తన యూరిని మించిన పాఠ్యవిషయము లేదు.

అంతర్జాలమున షాబాదు అని వెదకినచో కలబురగి పట్టణమేగాక, 1972లో భోజపురము, రోహతాసు జిల్లాలుగా విడిపోయిన బీహారునందలి పూర్వపు షాబాదు జిల్లాయు, హర్యానాలో కురుక్షేత్ర జిల్లాలోని పట్టణమును, ఉత్తరప్రదేశమున హర్దోయి జిల్లాలోని పట్టణమును ఒక్క గుంపుగా ఎదురగును. కావున ఊరి పేరుతోపాటు మండలమును, జిల్లాను జతపరచి వెదకుట ప్రథమ కర్తవ్యము.

పేరునకంటె సంఖ్య మరింత మోసము చేయును. 2011 జనాభా లెక్కలలో రంగారెడ్డి జిల్లా జనసంఖ్య 52,96,741. ఈ యంకెను నేటికిని అభ్యాసపుస్తకములలో, పోటీపరీక్షల నోట్సులలో యథాతథముగా ఎత్తివ్రాయువారు కలరు. అంకె సరియైనదే, కాని 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణము జరిగి వికారాబాదు, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలు వేరుపడిన పిమ్మట, అవే 2011 లెక్కల ప్రకారము నేటి రంగారెడ్డి జిల్లా సరిహద్దులలోని జనసంఖ్య 24 లక్షలకు కొంచెము పైబడి యున్నదంతే. చేవెళ్ళ లోకసభ నియోజకవర్గము సంగతి ఇంకను చిక్కైనది. షాబాదు, మొయినాబాదు మండలములున్న చేవెళ్ళ శాసనసభా స్థానముతోపాటు వికారాబాదు, పరిగి, తాండూరు స్థానములును అందులోనివే గనుక, దాని హద్దు ఏ యొక్క జిల్లా హద్దుతోను సరిపోలదు. సంఖ్యను వ్రాయునపుడు అది ఏ సంవత్సరపుది, ఏ సరిహద్దునకు చెందినది అను రెండు మాటలను చేర్పనిచో సత్యమైన సంఖ్యయే అసత్యమును పలుకును. గ్రామగ్రామమునకు వేర్వేరుగా వివరములిచ్చు జిల్లా జనగణన పుస్తకములు జనగణనశాఖవారి వెబ్‌సైటులో ఉచితముగా లభించుచుండగా, ఎవరో చేసిన నోట్సును నమ్ముకొనుటకు కారణము సోమరితనమే. ఇటీవలి లెక్క కావలసినచో, 2005 నాటి సమాచార హక్కు చట్టముననుసరించి మండల కార్యాలయమునకు దరఖాస్తు పెట్టవచ్చును. సామాన్యముగా 30 దినములలో సమాధానమిచ్చుట అధికారుల విధి.

ఆధారముల విలువను తెలుగువారికి ఆచరణమున చూపిన మహనీయులలో సురవరము ప్రతాపరెడ్డి గారిని స్మరింపక ఈ విషయమును దాటిపోలేను. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరని ఒకరు వ్రాయగా, ఆయన ఆగ్రహించి ప్రతివాదముతో సరిపెట్టుకొనక, తమ గోలకొండ పత్రికద్వారా ఊరూరి కవుల వివరములను, పద్యములను సేకరించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. నింద వేసినవాని నోరు మూయించుటకు అంతకు మించిన సమాధానము లేదు. ఆ గ్రంథము నేటికిని పరిశోధకులకు ఆకరమై నిలిచియున్నది. 1949లో వెలువడి, 1955లో తెలుగునకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమును ఆర్జించిన వారి ఆంధ్రుల సాంఘిక చరిత్రను చదువు విద్యార్థి మరియొక మెలకువను గ్రహించును. రాజుల శాసనములలో కానరాని సామాన్యుల తిండి, బట్ట, ఆట, జాతర మున్నగువానిని ఆయన క్రీడాభిరామము వంటి కావ్యములనుండి ఏరి తీసిరి. కవి తన ప్రభువు పరాక్రమమును వర్ణించునపుడు అతిశయోక్తి చెప్పును. పూటకూటియింటి భోజనమును ప్రసంగవశమున పేర్కొనునపుడు అబద్ధమాడవలసిన అవసరము అతనికి సామాన్యముగా నుండదు. ఏ సాక్షి ఏ విషయమున నమ్మదగినవాడో నిర్ణయించు ఈ వివేకమే పరిశోధనకు ప్రాణము.

ఆధారములు లభించు తావులు షాబాదు విద్యార్థికి దూరమైనవి కావు. అఫ్జల్‌గంజిలో, 1891లో ఆసఫియా పేర స్థాపితమైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమున్నది. సుల్తాను బజారులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమున్నది. తార్నాకయందలి రాష్ట్ర ఆర్కైవ్సులో మొగలుల, ఆసఫ్‌జాహీల కాలపు పారసీ, ఉర్దూ పత్రములు భద్రముగా నున్నవి. ఆ భాషలు రానివాడు అనువాదకుని సహాయము పొందినచో ఆ మాటను తన పత్రమున స్పష్టముగా చెప్పవలెను. ఇల్లు కదలజాలనివారికి దేశమందలి విశ్వవిద్యాలయముల సిద్ధాంతగ్రంథములు శోధగంగలోను, పాఠ్యగ్రంథములు జాతీయ డిజిటల్ గ్రంథాలయమునను దొరకును. 2025 జనవరిలో ఆరంభమైన ఒకే దేశము, ఒకే చందా అను పథకముచేత 30 ప్రచురణసంస్థల 13,000 పరిశోధన పత్రికలు ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు అందుబాటులోనికి వచ్చినవి. మీ కళాశాల గ్రంథపాలకుని అడిగినచో ప్రవేశమార్గము తెలియును. వికీపీడియాను చదువవద్దని నేను చెప్పను. అందలి వ్యాసము అడుగున నున్న మూలముల పట్టికనుండి మీ పని ఆరంభమగునని చెప్పుదును.

దొరకిన ఆధారమును ధర్మముగా వాడుకొనుట వేరొక విద్య. ఒకరి వాక్యమును, ఒకరి యూహను గ్రహించి వారి పేరు చెప్పకుండుట చౌర్యము. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో చేసిన నిబంధనల ప్రకారము సిద్ధాంతగ్రంథమున ఇతరుల రచనతో సామ్యము 10 శాతము దాటినచో ఆరు నెలలలోపల సవరించి సమర్పింపవలెను. 40 శాతము దాటినచో ఒక సంవత్సరము వరకు సవరించిన ప్రతిని సమర్పించుటకు వీలులేదు. 60 దాటినచో నమోదే రద్దగును. పదిశాతము వరకు శిక్ష లేకుండుటను అనుమతిగా భావింపరాదు. పేరు చెప్పక గ్రహించినది ఒక్క భావమైనను దోషము దోషమే. కృత్రిమ మేధ విషయమున జాగరూకత మరింత అవసరము. 2023లో న్యూయార్కున ఇద్దరు న్యాయవాదులు చాట్ జీపీటీ కల్పించి యిచ్చిన, ఎన్నడును వెలువడని తీర్పులను న్యాయస్థానమున ఉదాహరించి, 5,000 డాలర్ల జరిమానాకు, లోకనిందకు గురియైరి. యంత్రము చూపిన గ్రంథనామమును కన్నులార చూడనిదే మీ పత్రమున చేర్పకుడు.

ఈ విద్యకు జీవనోపాధియు కలదు. గ్రంథాలయశాస్త్రమున పట్టాను ఉస్మానియా విశ్వవిద్యాలయమునను, ఉద్యోగము చేయుచునే చదువగోరువారు అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయమునను పొందవచ్చును. నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ సాధించి పరిశోధనలో చేరినవారికి 2023 జనవరినుండి తొలి రెండేండ్లు నెలకు 37,000 రూపాయల వేతనము లభించుచున్నది. గ్రూప్స్ పరీక్షలలో వ్యాసము వ్రాయువారికిని, పత్రికారంగమున ప్రవేశింపగోరువారికిని ఇదియే పెట్టుబడి.

ఊరి వృద్ధులును ఆధారములే. వారి మాటలను ఫోనులో రికార్డు చేయుటకు ముందు అనుమతి కోరవలెను. పేరు ప్రకటింపవలదన్నచో ఆ కోరికను మన్నింపవలెను. చెప్పిన తేదీని వ్రాసికొనవలెను. వారు చెప్పినదానిని మరియొకరి మాటతోనో, రెవెన్యూ పత్రముతోనో సరిచూడవలెను. షాబాదు, చేవెళ్ళ, మొయినాబాదు మండలముల విద్యార్థినీ విద్యార్థులు ఈ సెలవులలో తమ యూరి చెరువును గూర్చియో, బడిని గూర్చియో, పాత కట్టడమును గూర్చియో నాలుగు పుటల వ్యాసము వ్రాసి, ప్రతి విషయమునకును ఆధారమును పేర్కొని, ఒక ప్రతిని తమ కళాశాల గ్రంథాలయమునకు సమర్పింపవలసినదిగా ప్రార్థించుచున్నాను.